హిసాకోకి ఒక చదువు రొట్టె

మొహర్రం నెలలో మా నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర గంటసేపు నిలబడితే జనానికి ఏం కావాలో తెలిసిపోతుంది. బారాషహీద్ దర్గాలో దండం పెట్టుకుని, తలకు కొంగో రుమాలో కప్పుకుని, మోకాటిలోతు నీళ్లలో నిలబడి కేకలు వేస్తా ఉంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరినోళ్లు రొట్టె ఇస్తారు, తీరాల్సినోళ్లు పుచ్చుకుని ఆ నీళ్లలోనే కొరుక్కు తింటారు. నేను ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు మా అమ్మ నన్ను కూడా దించింది. చదువు రొట్టె ఇచ్చేవాళ్లు ఎక్కడున్నారా అని ప్యాంటు మడుచుకుని అరగంట వెతికాను. దొరికింది. చదువు సంగతి వేరే విషయం.

అది నాకు గుర్తు రావడానికి కారణం ఒక వీడియో గేమ్. జాంబీలను, అంటే లేచి తిరిగే శవాల్ని, కాల్చే ఆట. అందులో బొమ్మ పిల్ల ఒకతి సరిగ్గా ఈ రొట్టే అడుగుతుంది.

ఆట పేరు డెడ్ ఆర్ స్కూల్. జపాన్ వాళ్లది, 2019లో వచ్చింది. స్టూడియో నానాఫుషి అని పేరు పెట్టుకుని ముగ్గురంటే ముగ్గురు కూర్చుని చేశారు. నేల మీదంతా రాక్షస మూకలు తిరుగుతుంటాయి, మనుషులు టోక్యో సొరంగాల్లోకి దిగి 70 ఏళ్లు దాటింది. ఆటలో ఆ మూకల్ని మ్యూటెంట్లు అంటారు. మా ఇంట్లో అందరూ జాంబీలనే అంటారు, నేనూ అదే వాడతాను. హిసాకో ఆ చీకట్లోనే పుట్టిన పిల్ల, ఆకాశం చూసి ఎరగదు. ఒకరోజు వాళ్ల అవ్వ చెప్తుంది: పైన బడి అని ఒకటి ఉండేది, ఈడు పిల్లలంతా ఒకచోట చేరి చదువుకునేవాళ్లు, కలిసి తినేవాళ్లు, ఆడుకునేవాళ్లు అని. దాచిపెట్టుకున్న తన పాత యూనిఫాం తీసి చేతిలో పెడుతుంది. పిల్ల అది తొడుక్కుని, ఒక కత్తీ ఒక తుపాకీ పట్టుకుని మెట్లెక్కుతుంది. బడికి పోవాల. కథంతా అంతే.

మా అక్క కూతురు ఇంటర్ మొదటి ఏడు, హాస్టల్లో ఉంటుంది. మొన్న దసరా సెలవలకు మా ఇంటికి వచ్చి, నేను ఆడతా ఉంటే వెనక నిలబడి చూసింది.

"ఎవుర్ని కాలుస్తా ఉండావు మామా?"

"జాంబీల్ని. ఈ పిల్ల బడికి పోవాలంట. అవి అడ్డం ఉండాయి."

కాసేపు ఆలోచించింది. "బడికి పోవడానికి జాంబీల్ని చంపాలా? మా కాలేజీలో తెల్లారి ఐదింటి స్టడీ అవర్‌కి వచ్చి చూడు మామా. అందరం జాంబీలమే."

నవ్వాను గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ మాటే.

ఆటలో ఏది బాగుందో ముందు చెప్తాను. ఎందుకంటే ఇట్టాంటి ఆటల గురించి రాసేవాళ్లు, అయితే నెత్తిన పెట్టుకుంటారు, లేదంటే ఛీ అని పక్కన పెడతారు. రెంటికీ నేను దూరం.

తుపాకీ బాగుంది. కాల్చినప్పుడు మోగే చప్పుడు కోసమని అనడం లేదు, లెక్క కోసం. హిసాకో చేతిలో ఎప్పుడూ మూడు ఆయుధాలు ఉంటాయి: దగ్గరి పోరుకి కత్తి లాంటిదొకటి, దూరానికి తుపాకీ, గుంపు మీద పేల్చడానికి లాంచర్. సేవ్ పాయింట్, అంటే ఆడినంత వరకు ఆటను దాచుకునే చోటు, చేరితే గానీ తూటాలు నిండవు. దాంతో ఒక సేవ్ పాయింట్ నుంచి ఇంకోదానికి ఎంత దూరం ఉందో తెలియకుండా తూటా వాడటమంటే, నెలాఖరున బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకోవడమే. గాల్లో ఎగిరి వచ్చేదానికి తూటా పెట్టాలా, దిగిందాకా ఆగి కత్తితో కొట్టాలా? ఆ గుంపు ఇంకొంచెం దగ్గరికి రానిస్తే ఒక్క లాంచర్ దెబ్బకి పోతుందా? ప్రతి అర నిమిషానికీ ఒక చిన్న బేరం. 1996లో క్యాప్‌కామ్ వాళ్లు తెచ్చిన రెసిడెంట్ ఈవిల్‌లోనూ తూటాలు తక్కువే. కానీ అక్కడ ఆ కరువు భయపెట్టడానికి. తలుపు తీయాలంటే చెయ్యి వణికేది. ఇక్కడ కరువు లెక్కలు వేయిస్తుంది. భయం దాదాపు సున్నా. అది లోపమని నేను అనను, ఇది ఇంకో రకం ఆట.

ఇంకోటి, తప్పించుకోవడం. దెబ్బ మీద పడబోయే చివరి క్షణంలో పక్కకి దొర్లితే కాలం నెమ్మదిస్తుంది. అప్పుడు నువ్వు నాలుగు దెబ్బలు వేసుకోవచ్చు. ముందే దొర్లితే ఏమీ రాదు. అంటే ఈ ఆట పిరికిగా పారిపోయేవాడికి ఏమీ ఇవ్వదు, కొమ్ములు తగిలేదాకా నిలబడినవాడికి ఇస్తుంది. చేత్తో పట్టుకుని ఆడే నా పాత కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ దానంతటదే కుడికి జారుతుంది. అయినా ఆ ఒక్క క్షణం దొరికినప్పుడల్లా ఒళ్లు ఝల్లుమంటుంది.

ముగ్గురు మనుషులు ఇంత ఆట ఎట్టా చేశారంటే, జవాబులో సగం జాంబీయే. చిన్న స్టూడియోకి జాంబీని మించిన చుట్టం లేడు. ఆలోచించక్కర్లేదు, గోడ చాటున దాక్కోనక్కర్లేదు, నడిచొచ్చి పడితే చాలు. ఒకే బొమ్మను ఇరవైసార్లు వాడినా ఎవరూ అడగరు, గుంపు కదా. మిగతా సగం అనిమే బొమ్మ, అంటే జపాన్ కార్టూన్ల పద్ధతి బొమ్మ. చర్మం మీద రంధ్రాలు, వెంట్రుక వెంట్రుకా చూపించే పని లేదు. వెలుగుకి ఒక రంగు, నీడకి ఒక రంగు, చుట్టూ ఒక గీత. 2000లో సేగా అనే జపాన్ ఆటల కంపెనీ వాళ్ల జెట్ సెట్ రేడియో ఆట ఈ పద్ధతిని జనానికి పరిచయం చేసినప్పుడు అది సోకు. ఇప్పుడు చేతిలో డబ్బుల్లేని వాళ్లకి అదే ఆసరా. పైగా వందమంది గుంపులో నీ పిల్ల ఎక్కడుందో కన్ను వెంటనే పట్టుకుంటుంది. అచ్చం నిజంలా కనపడే పెద్ద ఆటల్లో నేను చాలాసార్లు గోడను కాల్చాను.

చవక ఆట అంటే చిన్నచూపు నాకు లేదు. జపాన్‌లో 2000 యెన్లకే అమ్మే సింపుల్ 2000 అనే వరస ఒకటి ఉండేది. భూమిని రాక్షస చీమల నుంచి కాపాడే ఎర్త్ డిఫెన్స్ ఫోర్స్ అందులోదే, జాంబీలను కత్తితో నరికే ఒనేచంబరా అందులోదే, అది 2004లో వచ్చింది. బొమ్మలు మొరటుగా ఉండేవి, ఆడితే మాత్రం మజా. మా ఊళ్లో సాయంత్రం బండి మీద పుణుగులు తిన్నట్టు. నూనె సంగతి అడక్కూడదు.

కానీ చిక్కల్లా డెడ్ ఆర్ స్కూల్ పుణుగులతో ఆగదు. ముగ్గురు నడిపే టిఫిన్ అంగడి గోడ మీద దోశ, ఇడ్లీ కింద బిర్యానీ, నూడుల్స్, పిజ్జా కూడా రాసిపెట్టినట్టు, ఈ ఆటలో అన్నీ ఉన్నాయి. గోడలెక్కి దూకాల్సిన చోట్లున్నాయి, దూకితే కాళ్లు నేల మీద ఆనినట్టే ఉండదు. పెట్టెలు తోసే పజిళ్లున్నాయి, వాటి దగ్గర నేను ఆటను తిట్టుకుంటూ టీకి లేచాను. ఒక్కోసారి తెర బయటి నుంచి దెబ్బ వచ్చి పడుతుంది, ఎవడు కొట్టాడో చచ్చాక తెలుస్తుంది. దారి మూసేసి, మూకలు మూకలుగా వదిలి, అన్నిటినీ చంపితే గానీ తలుపు తీయని గదులు మొదటి రెండు స్టేషన్లలో బాగుంటాయి (ఆటలో ఒక్కో దశా ఒక్కో భూగర్భ రైలు స్టేషన్). ఆ తర్వాత గది ముందే కనిపించి ఆవలింత వస్తుంది. ఇక ఆయుధాలైతే లెక్కలేనన్ని రాలుతుంటాయి. ఏది ఉంచుకోవాలి, ఏది వదిలించుకోవాలి, దేనికి ఏం తగిలించాలి అని మెనూల్లో కూర్చున్న సమయం కలిపితే, నెల్లూరు నుంచి ఒంగోలు పోయి రావచ్చు.

ఇవన్నీ నేను క్షమించాను. ఎందుకు క్షమించానో చెప్పాలంటే మా అవ్వ గురించి చెప్పాల.

మా అవ్వది మెట్ట ప్రాంతం, వింజమూరు వైపు. బడి మొహం చూడలేదు. 1991 ప్రాంతంలో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు, పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు కింద పలక పట్టుకుని కూర్చున్న వేలమంది ఆడవాళ్లలో ఆమె ఒకతి. అప్పటికి యాభై దగ్గర. ఆ రాత్రి బడుల్లో ఏం జరిగిందో మన జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. సారా వల్ల పాడైన సంసారం కథ వాచకంలో పాఠంగా వచ్చింది. అది చదివి మాట్లాడుకున్న ఆడవాళ్లు, కలిగిరి పక్కన దూబగుంటలో రోశమ్మ ముందు నడవగా, సారాను ఊళ్లోకి రానివ్వలేదు. దూబగుంట కథే మళ్లీ తర్వాతి వాచకంలో పాఠమై ఊరూరా చదివారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. మా అవ్వ ఏ సారా దుకాణం మీదికీ పోలేదు, గొప్పలు చెప్పను. ఆమె చేసిందల్లా బస్సు బోర్డు చదవడం. "కా-వ-లి" అని కూడబలుక్కుని ఎవర్నీ అడక్కుండా బస్సెక్కిన రోజు గురించి, పోయేదాకా చెప్పేది. ఆ తర్వాత ఏ బస్టాండులో కూర్చోబెట్టినా వచ్చిన బస్సుల పేర్లన్నీ పైకి చదివేది. మాకు సిగ్గేసేది.

హిసాకో వాళ్ల ఇంట్లో అవ్వకి బడి తెలుసు, మనవరాలికి తెలీదు. మా ఇంట్లో అది తలకిందులు. అందుకేనేమో, ఆ ముసలామె పాత యూనిఫాం తీసి ఇచ్చే చోట నేను కంట్రోలర్ కింద పెట్టేశాను. దానికి ముందు ఎన్ని జాంబీ ఆటలు ఆడలేదు! ప్రతిదానిలోనూ ప్రాణం దక్కించుకోవాలి, లేదంటే ప్రపంచాన్ని కాపాడాలి, లేదంటే మందు కనిపెట్టాలి. బడికి పోవాలి అనే పిల్లను మాత్రం నేను మొదటిసారి చూశాను. దాంతో తుపాకీ బరువే మారిపోయింది. ప్రతి స్టేషనూ బడికి ఇంకో మెట్టు. దారిలో దొరికిన వాళ్లను కాపాడి రైలుపెట్టెలోకి చేరుస్తూ పోతుంటే, ఆ పెట్టెలో జనం పెరుగుతుంటే, చదువు రొట్టె కోసం చెరువులో పోగైన జనం గుర్తొచ్చారు.

మధ్యలో ఒక చిన్న సంగతి. సేగా వాళ్లే 1999లో ఒక వింత ఆట చేశారు. జాంబీలను కాల్చే వాళ్ల ఆట హౌస్ ఆఫ్ ద డెడ్ రెండో భాగంలో తుపాకులు తీసేసి కీబోర్డులు పెట్టారు. జాంబీ మీదికొస్తుంటే దాని దగ్గర ఒక మాట కనిపిస్తుంది. తప్పుల్లేకుండా టైప్ చేస్తే చస్తుంది, లేకపోతే నిన్ను కరుస్తుంది. పేరు ద టైపింగ్ ఆఫ్ ద డెడ్. అందులో వీరులు వీపుకి గేమ్ మిషన్, పొట్ట దగ్గర కీబోర్డు కట్టుకుని నడుస్తుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కానీ ఆడి చూడండి. అక్షరం రావడానికీ ప్రాణం దక్కడానికీ ముడి పెట్టిన ఆట అది. మా అవ్వ బతికుంటే దాన్ని తెలుగులో చేసి చూపించాలని ఉండేది. బస్సు బోర్డులతో.

సరే. ఇప్పుడు నాకు కోపం తెప్పించిన చోటుకి వస్తాను.

హిసాకోకి దెబ్బలు తగిలేకొద్దీ ఆ యూనిఫాం చిరిగిపోతుంది. ఆట దాన్ని గాయం గుర్తుగా చూపించి ఊరుకోదు. చూడండి చూడండి అన్నట్టు చూపిస్తుంది. అంతకుముందు అరగంట కూర్చోబెట్టి, ఈ గుడ్డ అవ్వ దాచుకున్న నిధి, ఈ పిల్ల కలంతా ఇందులోనే ఉంది అని నా చేత నమ్మించిందీ ఈ ఆటే. ఇప్పుడు అదే గుడ్డను చింపి నన్ను ఈల వెయ్యమంటుందీ ఈ ఆటే. ఎవర్ని నమ్మాల?

దీనికి స్నేహితులు రెండు జవాబులు చెప్తారు. ఒకటి, అది జపాన్ వాళ్ల అలవాటు, మనకెందుకు అని. మనకు ఆ అలవాటు లేదా? పల్లెటూరి కథ కన్నీళ్లు పెట్టిస్తూ సాగుతుంటే ఉన్నట్టుండి ఐటమ్ సాంగ్ పడే సినిమాలు మనం చూడలేదా? జపాన్ అని కళ్లు మూసుకునేదేమీ లేదు, ఆ వ్యాధి మనకు ముందే తెలుసు. రెండో జవాబు, అది లేకపోతే అమ్ముడుపోదు, ముగ్గురు మనుషులు బతకాలి కదా అని. ఇది కాస్త బరువున్న మాట. కాదనను. కానీ అమ్ముడుపోవడం కోసం పెట్టింది ఆటలో ఏ పనైనా చేస్తుందా అని అడగొచ్చు కదా.

ఆ ప్రశ్నకి నేను పక్కన పెట్టి చూసే ఆట ఇంకోటుంది. 2017లో ప్లేస్టేషన్ 4కి వచ్చిన స్కూల్ గర్ల్ జాంబీ హంటర్. ఒనేచంబరా లోకంలోదే, ట్యామ్‌సాఫ్ట్ అనే కంపెనీ చేసింది. బడిలో చిక్కుకున్న ఐదుగురు అమ్మాయిలు, చుట్టూ జాంబీలు, చేతుల్లో తుపాకులు. అందులో బట్టలు విప్పి ఎర వేస్తే జాంబీలు అటు మళ్లుతాయి. వినగానే ఛీ అనిపించింది, ఇప్పటికీ ఛీ అనే అంటాను. కానీ ఆ చెత్త పై పొర గీకి చూస్తే కింద ఒక మంచి ఆలోచన ఉంది: ఒంటి మీది రక్షణను వదులుకుని నాలుగు క్షణాల వ్యవధి కొనుక్కోవడం. ఆ ఎర బట్టలు కాకుండా పుస్తకాల సంచో, టిఫిన్ క్యారియరో, మోగుతున్న ఫోనో అయ్యుంటే, ఆ ఆటను మా అక్క కూతురి ముందు ధైర్యంగా పెట్టేవాణ్ని. ఆ ఆటకి బడి ఒక సెట్టింగు, యూనిఫాం ఒక వేషం. అది ఎప్పుడూ అంతకు మించి మాట ఇవ్వలేదు. అందుకే దాని మీద నాకు చిరాకే గానీ కోపం లేదు.

హిసాకో ఆట మాట ఇచ్చింది. ఇచ్చి తప్పింది. నా ఫిర్యాదు నీతి గురించి అనుకునేవాళ్లకి చెప్తున్నా: నేను దీన్ని పనితనంలో లోపం అంటున్నాను. చిరిగిన యూనిఫాంతో ఆ ముగ్గురూ ఎంత చేసుండొచ్చో ఆలోచించండి. చిరిగితే రైలుపెట్టెలో ఎవరో కూర్చుని కుట్టాలి. కుట్టిన గుర్తు ఆట చివరిదాకా ఉండాలి. ఒక్కో స్టేషన్ దాటాక ఒక్కో రంగు అతుకు. చివరికి బడి దగ్గరికి చేరేసరికి అవ్వ ఇచ్చిన గుడ్డలో సగం అతుకులే ఉండాలి. నా చిన్నప్పుడు మా క్లాసులో సగంమంది నిక్కర్ల వెనక ఉండేవి అవే కదా, కళ్లద్దాల్లాగా రెండు గుండ్రటి అతుకులు. దానికి ఖర్చెంత? అసలు చింపి చూపించడానికే ఎక్కువ బొమ్మలు గీసుంటారు.

ఇది నేను ఒంటరిగా కూర్చుని కనిపెట్టిన విషయం కాదని ఒప్పుకోవాలి. దసరా సెలవల్లో మూడో రోజు కంట్రోలర్ అక్క కూతురి చేతికిచ్చాను. స్టిక్ జారుతుందని చెప్తే, "మా హాస్టల్ బకెట్ కంటే నయం" అని మొదలుపెట్టింది. నాకంటే బాగా ఆడుతుంది. దొర్లాల్సిన క్షణం నేను పదిసార్లలో రెండుసార్లు పట్టుకుంటే తను ఆరుసార్లు పడుతుంది. మొదటి పెద్ద పోరులో దెబ్బలు తిన్నాక తెర మీద హిసాకో వాలకం చూసి ఆపేసింది.

"మామా, ఈ పిల్లకి సూదీ దారం ఇచ్చేవాళ్లే లేరా?"

నేను వెనకనున్న మంచం మీద కూర్చుని ఏం చెప్పాలో తెలీక ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. వంటింట్లో నుంచి మా అక్క, "ఏంది ఆట, చూపించు" అంటా ఇటు రాబోయింది. ఇద్దరం ఒకేసారి, "ఏం లేదులే" అన్నాం. ఒక మామ, ఒక మేనకోడలు, ఒక జాంబీ ఆట. అందులో దాచుకోవాల్సింది జాంబీల రక్తం అయ్యుంటే ఎంత బాగుండేది.

అయినా తను ఆట వదల్లేదు. పోరు గెలిచింది, సొరంగం దాటి వెలుతురులోకి వచ్చింది. మెనూలోకి పోయి, నేను పోగేసి పెట్టుకున్న ఆయుధాల్లో పనికిరానివి ఐదు నిమిషాల్లో తేల్చేసింది. "ఇన్ని ఎందుకు మామా, మాకు మెటీరియల్ ఇచ్చినట్టు" అని. నాకు ఆవలింత తెప్పించిన మూసిన గదులు తనకి నచ్చాయి. గంట కొట్టేదాకా తలుపు తీయని గదుల్లో ఉండటం అలవాటే అంది. అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి బస్సు. బ్యాగులో అక్క ఊరగాయ సీసా సర్దుతా ఉంటే, తను వచ్చి ల్యాప్‌టాప్ మూత తెరిచి, తన ఆటను వేరే చోట సేవ్ చేసుకుంది. "దీన్ని ముట్టుకోబాకు మామా, సంక్రాంతికొచ్చి ఆడతా" అని చెప్పి పోయింది. రాత్రి తెరిచి చూశాను. నాకంటే రెండు స్టేషన్లు ముందుంది. రైలుపెట్టెలో జనం కూడా నాకంటే ఎక్కువ.